మన ఫైలు ఎవరు తెరిచారు?

పోయిన ఏడాది వేసవిలో మా పెద్దమ్మను వెంటబెట్టుకుని మా జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా ఆమె మిరప కోతలకూ, కోతలు లేనప్పుడు కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పనికీ పోతోంది. దగ్గు పట్టుకుని రెండు నెలలైంది. ఓపీ దగ్గర రెండు వరసలున్నాయి. ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకునేవాళ్లది పొట్టి వరస. మాది పొడుగు వరస.

కౌంటర్‌లో కుర్రాడు ఆధార్ అడిగాడు. ఓటీపీ వెళ్లింది మా అన్న ఫోన్‌కి. అన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. నాలుగోసారికి ఫోన్ ఎత్తేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. మళ్లీ పంపించుకుని, మళ్లీ ఫోన్ చేసి, నంబరు చెప్పించుకున్నాం. స్క్రీన్ మీద వివరాలు రాగానే ఆ కుర్రాడు సరిచూసుకోవడానికి గట్టిగా చదివాడు. పేరు, వయసు, ఆ తర్వాత "ఎస్సీ కాలనీ, అంతేనామ్మా?" అన్నాడు. వెనక వరసలో ఉన్న నలుగురూ విన్నారు. పెద్దమ్మ కొంగు సర్దుకుని తలూపింది.

ల్యాబ్ దగ్గర మళ్లీ కార్డు అడిగారు. అక్కడి కంప్యూటర్ అంచుకు ఒక కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెన్నుతో రాసి ఉన్నాయి. మేం కూర్చున్న గంటన్నరలో ఆ కుర్చీలోకి ముగ్గురు మారారు. ముగ్గురూ అదే లాగిన్‌తో పనిచేశారు. ఒకరి మెడలోనూ బ్యాడ్జీ లేదు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో పెద్దమ్మ నన్నొకటే అడిగింది. "మన పేట పేరు అంత గట్టిగా ఎందుకు చదివాడే అమ్మాయ్?"

ఆ పొద్దున ఆమె తానెవరో నాలుగుసార్లు రుజువు చేసుకుంది. కార్డు చూపి, ఓటీపీ చెప్పి, చిరునామాకు తలూపి, ల్యాబ్‌లో మళ్లీ కార్డు తీసి. ఆమె వివరాలు చూసినవాళ్లలో ఒక్కరైనా తామెవరో ఆమెకు చెప్పే పని పడలేదు. డిజిటల్ ఆరోగ్య వ్యవస్థ గురించి జరుగుతున్న చర్చంతా 'రోగిని ఎలా గుర్తించాలి' అన్న దాని చుట్టూనే తిరుగుతోంది. రోగి ఫైలు తెరిచిన మనిషిని ఎలా గుర్తించాలి, ఆ సంగతి రోగికి ఎలా తెలియాలి అన్నది దళిత ఉద్యమం అడగాల్సిన ప్రశ్న అని నా అభిప్రాయం.

ఆభా అంటే ఏమిటి

2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని జాతీయ డిజిటల్ ఆరోగ్య మిషన్‌ను ప్రకటించారు. మొదట ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలై, 2021 సెప్టెంబరు 27 నుంచి ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశమంతటికీ వచ్చింది. దాని పునాది ఆభా, అంటే ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. ప్రతి మనిషికీ 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తారు. ఇప్పటికి 70 కోట్లకు పైగా ఆభా ఖాతాలు తెరిచారు. ఇందులో ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో ఉన్న రాష్ట్రం. తెలంగాణ కూడా 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి ఆరోగ్య ప్రొఫైల్ తయారు చేసే పని మొదలుపెట్టింది.

ఈ వ్యవస్థ గురించి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మన రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒకే కంప్యూటర్‌లో పోగుపడవు. ఏ ఆస్పత్రి రికార్డు ఆ ఆస్పత్రి దగ్గరే ఉంటుంది. ఒక ఆస్పత్రి మరో ఆస్పత్రి దగ్గరున్న రికార్డు చూడాలంటే మన ఫోన్‌కి అనుమతి కోరుతూ సందేశం రావాలి. మనం ఒప్పుకుంటేనే అది కదలాలి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. ఆభా ఖాతాను మూసేయనూ వచ్చు. కాగితం మీద ఇదంతా స్వచ్ఛందమే.

వాస్తవంలో ఎలా నడిచిందో మనకు తెలుసు. 2021లో కరోనా టీకాకు ఆధార్ చూపించినవాళ్లలో ఎంతోమందికి అడక్కుండానే ఆరోగ్య సంఖ్య పుట్టింది. టీకా సర్టిఫికెట్ మీద ఆ నంబరు చూసుకున్నాకే అలాంటిదొకటి తమకుందని తెలిసింది. పల్లెల్లో ఆశా కార్యకర్తలూ, ఏఎన్ఎంలూ లక్ష్యాలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆధార్ నంబరు, ఓటీపీ తీసుకుని ఖాతాలు తెరిచారు. మా వాడలో ఎవరినడిగినా "ఏదో కార్డు కోసం నంబరు చెప్పాం" అంటారు తప్ప ఒప్పుకున్నామన్న మాట రాదు.

కులం గడి లేని చోట కులం

2016 ఆధార్ చట్టం సెక్షన్ 2(కె) ప్రకారం ఆధార్ కోసం సేకరించే వివరాల్లో కులం, తెగ, మతం, ఆదాయం, వైద్య చరిత్ర ఉండకూడదు. కాబట్టి ఆధార్‌తో పుట్టిన ఆభాలోనూ కులం గడి లేదు. అధికారులు ఈ మాటే చెబుతారు. అది నిజమే.

కానీ ఆధార్‌లో చిరునామా ఉంది. తెలుగు పల్లెలో చిరునామాకు మించిన కుల ధ్రువీకరణ పత్రం ఏముంది? ఎస్సీ కాలనీ, మాలపల్లె, మాదిగపల్లె, హరిజనవాడ, అరుంధతి నగర్, అంబేడ్కర్ నగర్, జగ్జీవన్‌రామ్ కాలనీ. ఇందులో కొన్ని పేర్లు ఎస్సీ అని మాత్రమే చెప్పవు, ఎస్సీల్లో ఎవరో కూడా చెబుతాయి. 2022 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన 'స్కాన్ అండ్ షేర్' పద్ధతిలో ఓపీ కౌంటర్ దగ్గర కోడ్ స్కాన్ చేయగానే పేరు, వయసు, లింగంతో పాటు చిరునామా కూడా ఆస్పత్రి స్క్రీన్ మీదికి వెళ్తుంది. క్యూ తగ్గింది, నిజం. అదే సమయంలో దగ్గుకు మందు రాయించుకోవడానికి వచ్చిన మనిషి ఏ పేట నుంచి వచ్చిందో డాక్టరు కంటే ముందు నలుగురికి తెలిసిపోయింది. దగ్గుకు మందు రాయడానికి పేట పేరుతో పనేమిటి?

ఇది పాత కథే. అంబేడ్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో కాఠియావాడ్‌కు చెందిన ఒక దళిత ఉపాధ్యాయుడి ఉత్తరాన్ని చేర్చారు. 1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా'లో అచ్చయిన ఉత్తరం అది. రెండు రోజుల బాలింత అయిన ఆయన భార్యకు జబ్బు చేసింది. వాడలోకి రానని డాక్టరు షరతు పెట్టాడు. ఆమెనే వాడ బయటికి తీసుకురావాల్సి వచ్చింది. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్త చేతికిచ్చాడు, భర్త ఆమెకిచ్చాడు. తిరిగి అదే దారిలో డాక్టరు దగ్గరికి చేరింది. ఆమె బతకలేదు. ఆమె కులం తెలుసుకోవడానికి ఆ డాక్టరుకు ఏ కార్డూ అవసరం పడలేదు. వాడ పేరు చాలింది. అప్పట్లో అది ఊళ్లోవాళ్లకే తెలిసేది. ఇప్పుడు వేరే ఊరికీ, వేరే జిల్లాకీ, వేరే రాష్ట్రానికీ మనతో పాటు ప్రయాణిస్తోంది. ఊరు దాటితే వాడ మరుగున పడుతుందన్న చిన్న వెసులుబాటు కూడా పోయింది.

చిరునామాతో పాటు కులం కూడా నేరుగా నమోదయ్యే చోట్లున్నాయి. గర్భిణుల నమోదు రిజిస్టరులో ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అనే గడి ఉంది. జననీ సురక్ష యోజన డబ్బు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాల్లో దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికీ, ఎస్సీ, ఎస్టీ మహిళలకూ మాత్రమే కాబట్టి కులం రాయక తప్పదు. సమస్య రాయడంలో కంటే, రాసినదాన్ని ఎవరు, ఎంతకాలం, ఏ పనికి చూస్తారన్న దాంట్లో ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో దాదాపు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం బహిరంగంగా కనిపించాయి. ఫలానా కులం వాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయో వెతికి మ్యాపులో చూసుకునేంత వివరంగా ఉన్నాయవి. హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాక తీసేశారు. కారంచేడు, చుండూరు జరిగిన నేలలో కులం వారీగా ఇళ్ల మ్యాపు అంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఇంకో చిక్కు మన కోస్తా వాడలకు బాగా తెలిసింది. ఎంతోమందికి రెండు పేర్లుంటాయి. బడిలో, కుల ధ్రువీకరణ పత్రంలో, ఆధార్‌లో ఒక పేరు. బాప్తిస్మంలో పెట్టుకున్నది, వాడంతా పిలిచేది ఇంకో పేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవం తీసుకున్న దళితులను ఎస్సీల జాబితాకు బయట ఉంచింది కాబట్టి ఈ రెండు పేర్ల బతుకు మనకు తప్పలేదు. మా పెద్దమ్మ పాత మిషన్ ఆస్పత్రి చీటీలన్నీ రెండో పేరుతో ఉన్నాయి. "పేరు మ్యాచ్ కావట్లేదమ్మా" అని కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు చెప్పినప్పుడు వాళ్లకది టైపింగ్ తప్పు. మనకది ఇంట్లోవాళ్ల ఉద్యోగాలూ, పిల్లల సీట్లూ గుర్తొచ్చే భయం. రికార్డులన్నీ ఒక్క సంఖ్య కిందికి చేర్చడం సౌకర్యమని ఎవరైనా అన్నప్పుడు, ఎవరికి సౌకర్యమో అడగడం ఇందుకే.

ఓటీపీ ఎవరి ఫోన్‌కి?

ఈ వ్యవస్థలో అనుమతి అంటే ఆరు అంకెలు. ఆ అంకెలు ఎవరి ఫోన్‌కి వస్తే అనుమతి వాళ్లది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు 54 శాతమే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఇవి అన్ని కులాలూ కలిపిన లెక్కలు. వాడలో కూలికి పోయే ఆడవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

కాబట్టి వాడలో ఆడమనిషి ఆరోగ్య ఖాతా తాళం సాధారణంగా మొగుడి దగ్గరో, కొడుకు దగ్గరో ఉంటుంది. లేదంటే నమోదు పూర్తి కావాలని తన నంబరే ఇచ్చేసిన ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. పెళ్లికి ముందు అబార్షన్ చేయించుకున్న అమ్మాయి, మానసిక ఆరోగ్యానికి మందులు వాడుతున్న కోడలు, మొగుడికి చెప్పకుండా కుటుంబ నియంత్రణ పద్ధతి ఎంచుకున్న ఇల్లాలు ఈ ఆరు అంకెలను ఎవరి దగ్గర అడగాలి? ఒక మనిషికి ఒక ఫోన్ ఉంటుందన్న ఊహ మీద కట్టిన వ్యవస్థ ఇది. మన ఇళ్లలో ఒక ఫోన్ ఒక కుటుంబానిది.

ఓటీపీ లేకపోతే వేలిముద్ర అంటారు. సున్నంలో, ఇటుక బట్టీలో, పొగాకు బ్యారన్లలో, మురుగు కాల్వల్లో చేసిన వేళ్లకు ముద్రలు అరిగిపోతాయి. రేషన్ షాపు దగ్గర ఆ సంగతి ఏళ్లుగా చూస్తున్నాం. కనుపాప, ముఖం అనే ప్రత్యామ్నాయాలు నిబంధనల్లో ఉన్నాయి. కానీ ఆ యంత్రం ఆ రోజు ఆ కౌంటర్‌లో ఉందా అన్నదే అక్కడ నిలబడ్డ మనిషికి ముఖ్యం.

గుర్తింపు పత్రం లేకపోతే ఏమవుతుందో 2022 నవంబరులో కర్ణాటక చూసింది. తుమకూరు జిల్లా ఆస్పత్రికి కాన్పు నొప్పులతో వచ్చిన ఒక పేద మహిళ దగ్గర ఆధార్ గానీ, అక్కడ గర్భిణులకిచ్చే 'తాయి కార్డు' గానీ లేవని వెనక్కి పంపారు. ఇంట్లోనే కాన్పయి ఆమె, కవల పిల్లలు చనిపోయారు. డాక్టరునూ, నర్సులనూ సస్పెండ్ చేశారు. కార్డు లేకపోతే చేర్చుకోవద్దని ఏ జీవో చెప్పలేదు. కానీ కార్డు ముందు, మనిషి తర్వాత అనే అలవాటును ప్రతి రోజూ నేర్పుతున్నప్పుడు, వెనక్కి పంపడానికి జీవో అక్కర్లేదు.

కౌంటర్ అవతలి వైపు

ఇక స్క్రీన్ వెనక కూర్చున్నవాళ్ల వైపు చూద్దాం. ఆరోగ్య సమాచార వ్యవస్థలో లాగిన్ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. నువ్వెవరు? నీ పనికి ఏమేం చూడాలి? రక్తపరీక్ష చేసే మనిషికి ఏ పరీక్షో తెలిస్తే చాలు, రోగి ఇంటి చిరునామా అక్కర్లేదు. ఓపీ చీటీ రాసే మనిషికి పేరు, వయసు చాలు, పాత రోగాల జాబితా అక్కర్లేదు. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాల్లోనే ఎవరి పనికి తగ్గ ప్రవేశం వాళ్లకుండాలనీ, ఎవరు ఏం చూశారో, ఏం మార్చారో నమోదు కావాలనీ ఉంది. కానీ పది మందికి ఒకే పాస్‌వర్డ్ అయితే ఆ నమోదులో ఉండేది మనుషుల పేర్లు కాదు, ఆ కుర్చీ పేరు.

మన రాష్ట్రంలోనే ఇంకో సంగతి జరిగింది. 2018 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అన్న సంజీవిని జనరిక్ షాపుల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సహా కనిపించింది. లైంగిక సమస్యలకు వాడే మాత్రలు కొన్నవాళ్ల వివరాలు కూడా అందులో ఉన్నాయి. చవగ్గా దొరుకుతాయని అక్కడ మందులు కొనుక్కున్నది పేదవాళ్లు. పెద్ద దుకాణంలో బిల్లు లేకుండా కొనుక్కోగలిగినవాళ్ల పేర్లు ఏ వెబ్‌సైట్‌లోనూ రాలేదు.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగింది. ఐదు సర్వర్లలోని 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారనీ, నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమనీ కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. దాదాపు రెండు వారాలు అంత పెద్ద ఆస్పత్రి కాగితం మీద నడిచింది.

2023 జూన్‌లో కోవిన్ వివరాలు టెలిగ్రామ్‌లో దొరికాయి. ఫోన్ నంబరు కొడితే పేరు, పుట్టిన తేదీ, చూపిన గుర్తింపు కార్డు నంబరు వచ్చేవి. కోవిన్ భద్రంగానే ఉందని ఆరోగ్య శాఖ ప్రకటించింది. కొద్ది రోజులకు బిహార్‌లో ఒకరిని అరెస్టు చేశారు. అతని తల్లి ఆరోగ్య కార్యకర్త అని వార్తలొచ్చాయి. ఇక్కడ ఆగి చూడాల్సింది ఒకటుంది. వ్యవస్థ పగిలినప్పుడు వేలు చూపేది అట్టడుగున ఉన్న కార్యకర్త లాగిన్ వైపే. ఆ అడుగున ఉన్నది ఎవరు? ఆశాలు, కాంట్రాక్టు ఏఎన్ఎంలు, ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ పిల్లలు. అందులో మన ఆడబిడ్డలు, మన తమ్ముళ్లు ఎంతోమంది. తన ఫోన్‌లో తన డేటా ఖర్చుతో ప్రభుత్వ యాప్ నడిపే ఆశాకు లాగిన్ భద్రత గురించి ఒక్క పూట శిక్షణ ఇవ్వకుండా, తప్పు మాత్రం ఆమె పేరు మీద రాస్తారు. అందుకే విడి లాగిన్ అడగడం ఆమెకు వ్యతిరేకం కాదు. పది మంది వాడే పాస్‌వర్డ్‌తో ఎవరో చేసిన తప్పు తన మెడకు చుట్టుకోకుండా ఆమెను కాపాడేది అదే.

చట్టం ఎవరి పక్షం

2020లో డిజిటల్ ఆరోగ్య మిషన్ కోసం తెచ్చిన ఆరోగ్య సమాచార నిర్వహణ విధానం కులం, తెగలను సున్నితమైన సమాచారంగా లెక్కించింది. ఆరోగ్య వివరాలతో సమానంగా కాపాడాలంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలో సున్నితమైన సమాచారం అనే వర్గమే లేదు. కులమైనా, రోగమైనా, ఫోన్ నంబరైనా దాని కళ్లకు ఒక్కటే.

ఆ చట్టం సెక్షన్ 7 ప్రకారం ప్రభుత్వం సబ్సిడీ, పథకం, సేవ, సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు విడిగా అనుమతి తీసుకోకుండానే సమాచారాన్ని వాడుకోవచ్చు. సెక్షన్ 11 మన సమాచారం ఏ సంస్థలతో పంచుకున్నారో తెలుసుకునే హక్కునిచ్చింది. అయితే ఆ హక్కు అనుమతి ఇచ్చినవారికే. డబ్బు పెట్టి కార్పొరేట్ ఆస్పత్రికి వెళ్లినవాళ్లు అడగగలరు. పథకం కింద ప్రభుత్వ సేవ పొందినవాళ్లు ఆ సెక్షన్ కింద అడగలేరు. పైగా అడగగలిగినవాళ్లకైనా తెలిసేది సంస్థ పేరే. ఫైలు తెరిచిన మనిషెవరో తెలియదు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు సమాచారాన్ని ఎవరు చూశారన్న లాగ్‌లు ఉంచాలనీ, కనీసం ఏడాది దాచాలనీ అంటున్నాయి. అంటే ఆ చిట్టా ఉండి తీరాలి. మనకు చూపించాలని మాత్రం ఎక్కడా లేదు. ఆ నిబంధనల్లో ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి 18 నెలల గడువు కూడా ఇచ్చారు.

జరిమానాలు చూడండి. భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. అది భారత సంచిత నిధికి పోతుంది, బాధితులకు రాదు. ఐటీ చట్టంలో నష్టపరిహారానికి దారి చూపిన 43ఎ సెక్షన్‌ను ఇదే చట్టం తీసేస్తోంది. మరోవైపు పౌరులకూ విధులు పెట్టింది. గుర్తింపు పత్రం కోసం వివరాలిచ్చేటప్పుడు ముఖ్యమైన సంగతి దాస్తే పది వేల దాకా జరిమానా. రెండు పేర్ల మా పెద్దమ్మ ఈ సెక్షన్‌ను ఎలా అర్థం చేసుకోవాలి?

సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని కూడా ఈ చట్టమే మార్చింది. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న షరతును ఆ క్లాజులోంచి తీసేసింది. రేపు మనం "మా అమ్మ ఫైలు ఏ ఉద్యోగి తెరిచారు" అని అడిగితే అది ఉద్యోగి వ్యక్తిగత సమాచారమని చెప్పడం సులువవుతుంది.

మంచి చట్టం ఎలా ఉంటుందో మన దగ్గరే నమూనా ఉంది. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒక మనిషి హెచ్ఐవీ స్థితిని వారి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని నిషేధించింది. ఆ సమాచారం ఉన్న సంస్థలు దాన్ని కాపాడే ఏర్పాట్లు చేసుకోవాలంది. హెచ్ఐవీతో బతుకుతున్నవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్న చట్టమది. వివక్షకు కారణమయ్యే సమాచారానికి ప్రత్యేక రక్షణ కావాలన్న దాని సూత్రం కులానికి ఎందుకు వర్తించకూడదు?

మరి వద్దందామా?

కార్డులు చింపేద్దాం అనడం తేలిక. కానీ రికార్డు లేక నష్టపోయింది కూడా మనమే. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు వలసపోయే కూలీకి బీపీ మందు ఏం వాడుతున్నాడో చెప్పే కాగితం ఉండదు. రాతి క్వారీలో ఊపిరితిత్తులు పాడైన మనిషికి ఎన్నేళ్లుగా దగ్గుతున్నాడో రుజువు చేసే చీటీ ఉండదు కాబట్టి పరిహారం రాదు. క్షయ రోగులకు నిక్షయ్ పోర్టల్‌లో నమోదయితేనే పోషకాహారం డబ్బు ఖాతాలో పడుతుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ఆ సాయం 2024 నవంబరు నుంచి 1000 అయింది. ఊరు మారినా వెంట వచ్చే రికార్డు మన హక్కు.

కులం ప్రస్తావనే తీసేయాలనే వాదనతోనూ నాకు పేచీ ఉంది. దళిత మహిళలు ఏ వయసులో చనిపోతున్నారో, ఎవరి పిల్లలు రక్తహీనతతో పుడుతున్నారో కులం వారీగా లెక్కలు లేకపోతే వివక్షను రుజువు చేసేదెలా? లెక్క కోసం కులం కావాలి. ఆ లెక్కలో పేరూ, ఇంటి నంబరూ ఉండక్కర్లేదు. ఓపీ కౌంటర్‌లో చీటీ రాయడానికి మాత్రం కులం గానీ, దాన్ని పట్టిచ్చే పేట పేరు గానీ అక్కర్లేదు. ఇవాళ జరుగుతున్నది దీనికి తిరగబడి ఉంది. కౌంటర్ దగ్గర కులం కనిపిస్తోంది, విధాన పత్రాల్లో కనిపించడం లేదు.

అడగాల్సినవి

విద్యార్థి సంఘాలూ, హక్కుల సంఘాలూ కింది డిమాండ్లను చర్చకు పెట్టాలని కోరుతున్నాను.

ఒకటి. ఆభా లేదని, ఓటీపీ రాలేదని, వేలిముద్ర పడలేదని ఏ ఆస్పత్రీ వైద్యం ఆపకూడదని స్పష్టమైన జీవో రావాలి. అది ప్రతి ఓపీ గోడ మీద తెలుగులో ఉండాలి.

రెండు. ఓపీ కౌంటర్ స్క్రీన్ మీద గ్రామం లేదా పట్టణం పేరు దాకానే కనిపించాలి. పేట, కాలనీ పేర్లు ఇంటికి వెళ్లాల్సిన పని ఉన్న ఆరోగ్య కార్యకర్తకు మాత్రమే కనిపించాలి. వివరాలు గట్టిగా చదవడం ఆపి స్క్రీన్ తిప్పి చూపించాలి. దీనికి డబ్బు ఖర్చు కూడా లేదు.

మూడు. ప్రతి ఉద్యోగికీ, కాంట్రాక్టు వాళ్లతో సహా, విడి లాగిన్ ఉండాలి. దానికి కావలసిన ఫోన్, డేటా, శిక్షణ ప్రభుత్వమే ఇవ్వాలి.

నాలుగు. నా ఫైలు ఎవరు, ఎప్పుడు, ఏ పని మీద తెరిచారో చూసుకునే హక్కు రోగికి చట్టంలో రావాలి. ఇప్పుడు యాప్‌లో కనిపించేది ఒక సంస్థ మరో సంస్థను అడిగిన అనుమతుల జాబితా మాత్రమే. ఆస్పత్రి లోపల జరిగేది అందులో కనిపించదు. ఫోన్ లేనివాళ్లకు ఆ చిట్టా కాగితం మీద ఇవ్వాలి.

ఐదు. ఆ చిట్టాను అట్రాసిటీ కేసుల్లో సాక్ష్యంగా అడగడం మన న్యాయవాదులు మొదలుపెట్టాలి. 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఆస్పత్రి, డిస్పెన్సరీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి దళితుల ప్రవేశాన్ని అడ్డుకోవడం నేరమని స్పష్టంగా రాశారు. కేసు ఎప్పుడూ వీగిపోయేది "ఆ టైములో నేనక్కడ లేను", "వాళ్ల కులం నాకు తెలీదు" అన్న మాటల దగ్గరే. ఫలానా సమయానికి ఫలానా లాగిన్‌తో చిరునామాతో సహా ఫైలు తెరిచారని చూపిస్తే ఆ రెండు మాటలూ అంత సులువుగా నిలబడవు. మనల్ని పట్టిచ్చే యంత్రమే మన సాక్షి కూడా కాగలదు, చిట్టా మన చేతికి వస్తే.

ఇవన్నీ వచ్చేలోపు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. మీ జిల్లా ఆస్పత్రికి ఒక ఆర్టీఐ పెట్టండి. ఆరోగ్య రికార్డుల వ్యవస్థలో ఎన్ని యూజర్ ఐడీలున్నాయి, దాన్ని వాడే సిబ్బంది ఎందరు, లాగ్‌లు ఎంతకాలం ఉంచుతున్నారు, చివరిసారి వాటిని ఎవరు తనిఖీ చేశారు అని అడగండి. ఇందులో ఎవరి వ్యక్తిగత సమాచారమూ లేదు కాబట్టి కాదనడానికి వీల్లేదు. మొదటి రెండు అంకెల మధ్య తేడాయే చాలా సంగతులు చెబుతుంది.

మా పెద్దమ్మ దగ్గు మందులతో తగ్గింది. మూడు నెలల తర్వాత మళ్లీ చూపించుకోవాలన్నారు. "నంబరు ఉందిగా, ఈసారి తొందరగా అయిపోతుందిలే పెద్దమ్మా" అన్నాను. "నంబరు ఉంటే ఉందిగానీ, ఈసారి ఆ పిల్లాడి పేరేంటో కూడా అడుగు" అంది.

అదే అడుగుదాం.

(వ్యాసకర్త పరిశోధక విద్యార్థిని)